ముంజేతి మీద నెయ్యి

మా ఆయనది గిద్దలూరులో నేతి దుకాణం. నల్లమల అంచు పల్లెల నుంచి పాడి రైతులు పొద్దున్నే కడవలతో దిగేవాళ్లు. ఆయన ప్రతి కడవలోనూ వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని ధర చెప్పేవారు. ఆ నాలుక తప్పిందని ఎవరూ అనలేదు. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. ఊళ్లోకి వనస్పతి డబ్బాలు వచ్చి కల్తీ మొదలయ్యాక, ఒక్కో కడవకు రెండు మూడు సార్లు వేలు ముంచడం అలవాటైంది.

ఒకసారి ఆయన కుడి డొక్కలో బరువుగా ఉందంటే మార్కాపురం డాక్టరు దగ్గరికి వెళ్లాం. డాక్టరు ఆయన పక్కటెముకల కింద నొక్కి చూశాడు. "కాలేయం పెరిగింది శెట్టిగారూ. కొవ్వు పట్టినట్టుంది. తాగుడు లేదంటిరి, మరి నెయ్యి ఎంత తింటారు?"

"ఇంట్లో ఒక్క చుక్క కూడా వేసుకోను" అన్నారు మా ఆయన. అది నిజమే. అమ్ముకునే సరుకు కంచంలోకి రాకూడదని మా మామగారి నాటి నుంచి ఇంట్లో కట్టుబాటు.

"దుకాణంలో?" అని అడిగింది నేనే. ఆయన నా వంక చూడలేదు. ఇట్లే సాగితే మనిషి దక్కడని డాక్టరు నాతో విడిగా చెప్పాడు.

వానలకు చేలగట్ల మీద నేల ఉసిరి మొలుస్తుంది. కాలేయానికి అదే మందని మా అత్త ఆ మొక్కల్ని వేళ్లతో సహా నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున ఇమ్మంది. పది రోజులు ఇచ్చాను. పదకొండో రోజు పెరట్లో జామచెట్టు మొదట్లో పచ్చటి ముద్ద కనిపించింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏందిది? నేను నడుం విరిగేలా నూరేది చెట్టుకు పోసేదానికా?"

"అది తాగితే మధ్యాహ్నం దాకా నాలుకంతా చేదు. కడవలొచ్చేది పొద్దున్నే. కల్తీది తీసుకుంటే దుకాణం మూసుకోవాల. అప్పుడేం తింటాం?"

"మీరే లేకపోతే ఏం తింటామో అది చెప్పండి ముందు" అని ఏడ్చేశాను. ఏడుపుతో పాటు పంతమూ వచ్చింది. "కడవలు నేను చూస్తా. మీరు మందు తాగండి."

ఆడవాళ్లను గల్లా దగ్గర కూర్చోబెట్టే ఇల్లు కాదు మాది. అందుకే మర్నాడు దుకాణంలో తెర వెనక కూర్చున్నాను. ఆయన మూడు కడవల్లోంచి మూడు గిన్నెల్లో నెయ్యి తెచ్చిచ్చారు. నేను నోట్లో పెట్టుకోలేదు. మా అమ్మ చేసినట్టే ముంజేతి మీద చుక్క రాసి, రుద్ది, వాసన చూశాను. రెండో గిన్నె పక్కకు తోశాను.

ఆయన కూడా అందులోంచి ఒక చుక్క తన ముంజేతికి రాసుకుని వాసన చూశారు. "అవును, వనస్పతే" అన్నారు. ఆ రుద్దడం చూస్తే కొత్తగా చేసే మనిషిలా లేరు.

"మీకు తెలుసా ఇది?"

"నాయన ఇట్లే చూసేవాడు."

"మరి ఇన్నేళ్లూ నాలుకతో ఎందుకు చూసినారు?"

ఆయన ముంజేతి మీది నెయ్యి పైపంచెతో తుడుచుకున్నారు. "చిన్నప్పుడు మా ఇంట్లో నేతి వాసనే గానీ నెయ్యి లేదు. ఒకరోజు దుకాణంలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నా. నాయన చూసి కూడా ఏమీ అనలా. సరుకు చూస్తన్నాననుకున్నాడు. ఇంక అట్లే అలవాటైంది."

ఇంతమంది కంచాల్లోకి నెయ్యి పంపిన మనిషి దొంగతనంగా తిన్నది ఆ వేలెడే. నాకు ఆయన మీద జాలి కలగడం అదే మొదటిసారి.

వానాకాలమంతా ఆయన నేల ఉసిరి తాగారు, కడవలు నేను చూశాను. డాక్టరు మళ్లీ నొక్కి చూసి తగ్గిందన్నాడు. ఆకు వల్ల తగ్గిందా, వేలు ముంచడం మానినందుకా అని అడిగాను. "రెండూ ఒక్కసారే చేస్తిరి, నేనెట్ల చెప్పేది?" అని నవ్వాడు. నాకూ ఈనాటికీ తెలియదు. అన్నంలో ఎప్పుడన్నా ఒక చుక్క నెయ్యి వేయొచ్చా అంటే, వేయమన్నాడు.

ఇంటికొచ్చాక అత్త చూస్తుండగానే ఆయన వేడన్నం మీద చిన్న చెంచాతో నెయ్యి వేశాను. ఆమె చెంచా వంక చూసి, మంచినీళ్ల చెంబు ఆయన ముందు పెట్టింది. ఆయన నెమ్మదిగా కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఈసారి కళ్లు మూసుకోలేదు. మా ఇద్దరి వంకా చూస్తూ తిన్నారు.