ఓడెక్కిన లైసెన్సుదారు

2004 జూన్‌లో మా పత్రిక నన్ను ఖమ్మం నుంచి భద్రాచలానికి స్టాఫ్ రిపోర్టర్‌గా బదిలీ చేసింది. జీతం మీద పనిచేసే విలేకరిని స్టాఫ్ రిపోర్టర్ అంటారు. అతని కింద మండలానికొక కంట్రిబ్యూటర్ ఉంటాడు. కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు, అచ్చయిన వార్త పొడవును బట్టి పారితోషికం వస్తుంది. దుమ్ముగూడెం, చర్ల మీదుగా అడవి అంచు దాకా నా పరిధి. గోదావరి నీటిమట్టం, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ సమావేశాలు, పత్తి, మిరప, పోలీసు వార్తలు. ఏడాది పొడవునా నేను పంపినవి ఇవే. అలాంటి చోటి నుంచి మరుసటి వేసవిలో నేను సముద్రం మీద విహార ఓడ ఎక్కవలసి వచ్చింది.

ఆ రోజుల్లో పురుగుమందుల కంపెనీలు డీలర్లకు టార్గెట్ పెట్టేవి. సీజన్‌లో చెప్పినంత సరుకు అమ్మినవాళ్లకు విహారయాత్ర బహుమతి. మొదట్లో గోవా అనేవారు, తర్వాత బ్యాంకాక్ అన్నారు. ఆ ఏడు సింగపూర్‌లో బయలుదేరి ఒక ద్వీపానికి వెళ్లి వచ్చే ఓడ. నీలి సముద్రం, తెల్లటి ఇసుక, కొబ్బరిచెట్ల కింద వాలు కుర్చీలు ఉన్న పోస్టరు మా ప్రాంతంలో చాలా మందుల కొట్ల గోడల మీద కనిపించేది. పురుగు పడిందని వచ్చిన రైతు ఆ పోస్టరు కిందే నిలబడి, ఒక మందు చాలదు, మూడు కలిపి కొట్టమన్న సలహా వినేవాడు.

డీలర్లతో పాటు కొందరు విలేకరులను కూడా కంపెనీ తన ఖర్చుతో తీసుకెళ్లింది. దీన్ని ప్రెస్ టూర్ అంటారు. తిరిగొచ్చి మంచిగా రాయమని ఎవరూ చెప్పరు, చెప్పనవసరం లేదు. మా జిల్లా నుంచి నన్ను ఎంపిక చేయడానికి కారణం, అందరిలో నాకొక్కడికే పాస్‌పోర్టు ఉండడం.

చర్ల దారిలో ఒక అడ్డరోడ్డు దగ్గరి ఎరువులు, పురుగుమందుల కొట్టు ఆ ఏడు టార్గెట్ దాటింది. బోర్డు మీద ‘ప్రొ. ఇర్పా కన్నయ్య’ అని ఉండేది. కన్నయ్య కోయ మనిషి, నలభై దాటినవాడు, ఆ కొట్టులోనే బస్తాలు దించే పని చేసేవాడు. కొట్టు నడిపేది సత్తుపల్లి వైపు నుంచి వచ్చి స్థిరపడిన సత్యనారాయణ. ఏజెన్సీలో, అంటే గిరిజన రక్షణ చట్టాలు వర్తించే ప్రాంతంలో, గిరిజనేతరులు స్థలం కొనకూడదు. అందుకని స్థలం, గది, లైసెన్సు, బ్యాంకు ఖాతా ఒక గిరిజనుడి పేరు మీద పెట్టి, వ్యాపారం మరొకరు చేసుకోవడం అక్కడ మామూలు. మేం పత్రికలో బినామీ అని రాస్తాం. ఊళ్లో ‘పేరు ఇచ్చిండు’ అంటారు. పేరు ఇచ్చినందుకు కన్నయ్యకు ఆ కొట్టులో కూలి పని. ఇందులో దాపరికమేమీ లేదు. ఆ దారిన పోయే బస్సు కండక్టరుకు కూడా తెలుసు.

చిక్కు మరోచోట వచ్చింది. అంతకుముందటి యాత్రకు డీలర్ల బదులు వాళ్ల బావమరుదులు, ఊరి నాయకులు వెళ్లారట. ఈసారి డీలర్‌షిప్ ఎవరి పేరు మీద ఉంటే వారే రావాలని కంపెనీ నిబంధన పెట్టింది. సత్యనారాయణ హైదరాబాద్ దాకా వెళ్లి బతిమాలినా లాభం లేకపోయింది. పైగా గిరిజన డీలరు ఫొటో కంపెనీకి కావలసి ఉంది. కన్నయ్యకు పాస్‌పోర్టు కూడా కంపెనీ ఏజెంటే తీయించాడు.

ప్రయాణం రోజు నేను కొట్టు దగ్గరికి వెళ్లేసరికి, తన కోసం కొనుక్కున్న కొత్త సూట్‌కేసును సత్యనారాయణ భార్య అరుగు మీదికి తోస్తోంది. “తీసుకో కన్నయ్యా, నువ్వు ఓడెక్కు. మేం గోదాట్లో పడవెక్కుతాంలే.”

సత్యనారాయణ కోపం మింగి పాఠం చెబుతున్నాడు. “ఎవరేం అడిగినా నవ్వు. మందుల సంగతి అడిగితే, మా ఏరియాలో బాగా పోతన్నాయండీ అను. ఏదీ, అను.”

“మా ఏరియల బాగ పోతున్నయ్ సారు,” అన్నాడు కన్నయ్య.

“సారేంటయ్యా! ఓనరువి నువ్వు. ఓనరు ఎక్కడన్నా సారంటాడా?”

కన్నయ్య భార్య సమ్మక్క పక్కనే నిలబడి ఉంది. “గా మాట ఓడ దిగి వచ్చినంక గూడ అనుర్రి షావుకారీ,” అంది. అందరం నవ్వాం. సత్యనారాయణ కూడా నవ్వాడు.

ఓడలో నాకూ కన్నయ్యకూ ఒకే గది ఇచ్చారు. డీలర్లలో చాలామంది సముద్రం వైపు చూడనే లేదు. లోపల హాల్లో కూర్చుని పేకాడారు. వెంట తెచ్చుకున్న ఆవకాయ సీసాలు భోజనాల బల్ల మీద పెట్టుకున్నారు. లుంగీలతో ఈతకొలను దగ్గరికి వెళితే సిబ్బంది వెనక్కి పంపారు. కన్నయ్య మొదటి రోజు పొద్దున లేచి తన దుప్పటి తానే మడత పెట్టి, గది ఊడ్వడానికి చీపురు కోసం వెతికాడు. గది సర్దే మనిషి వచ్చి నమస్కారం పెట్టి ఆ పని చేస్తుంటే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మర్నాడు అదే మనిషి వచ్చినప్పుడు కుర్చీలోంచి లేవలేదు.

ఆ సాయంత్రం సన్మానం జరిగింది. ఒక్కో డీలరును వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. కంపెనీ ఏరియా మేనేజర్ మైకులో, అడవి ప్రాంతంలో అందరికంటే ముందున్న మన కన్నయ్య గారు అని పిలిచాడు. సత్యనారాయణ నేర్పిన మాట కన్నయ్య చెప్పలేదు. “నాకు మాట్లాడొస్తలేదు. నా కొట్టు మాత్రం మంచిగ నడుస్తది,” అన్నాడు. చప్పట్లు కొట్టారు. ‘నా కొట్టు’ అన్న మాట నేనొక్కడినే గమనించానేమో.

ద్వీపం దగ్గర ఓడ ఒక పూట ఆగింది. మాకిచ్చిన కార్యక్రమం కాగితంలో ఆ పూట ఎదురుగా విశ్రాంతి అని మాత్రమే ఉంది. ఇసుకలో వరసగా వాలు కుర్చీలు వేశారు. మా కొట్ల గోడల మీద చూసిన చోటు అదే. ఎండ మన ఎండలాంటిదే కానీ గాలి మెత్తగా ఉంది. కన్నయ్య కంపెనీ ఇచ్చిన టోపీ పెట్టుకుని పక్క కుర్చీలో పడుకున్నాడు. తర్వాత లేచి కూర్చున్నాడు.

“ఒకటి అడుగుత సారు, నవ్వొద్దు. జాగ నాది. లైసెన్సు నాది. ఓడ టికెట్టు నా పేరు మీదనే వచ్చింది. మరి కొట్టు ఎవలది?”

చట్టం ప్రకారం అతనిదేనని చెప్పాను. పేరు వెంట లాభం ఒక్కటే రాదనీ, బాకీలు, కేసులు, సరుకు బాధ్యత కూడా వస్తాయనీ, ఏ సరుకు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకుండా కొట్టు చేతిలోకి తీసుకోవద్దనీ చెప్పాను.

“కేసయితే ఇప్పుడు గూడ నా మీదనే అయితది గద సారు,” అన్నాడు. “కేసు ఎట్లాగూ నాదే. కొట్టన్న నాది గావాలె గద.”

అతని మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

తిరిగొచ్చిన కొద్ది రోజులకే కన్నయ్య కొట్టు అడిగాడు. గొడవ అవుతుందని, పంచాయితీ పెడతారని అందరం అనుకున్నాం. సత్యనారాయణ వాదించలేదు. “నీదే కదయ్యా. కాదనడానికి నేనెవర్ని?” అని తాళాలు చేతిలో పెట్టాడట. తాను కౌలు మిరపతోట చూసుకుంటానన్నాడు. ఆ సీజన్‌కు తెప్పించిన సరుకు అప్పటికే గదిలో ఉంది. అందులో ఎవరో బయటి ఏజెంటు దించి వెళ్లిన కొత్త రకం మిరప విత్తనాల ప్యాకెట్లు కూడా ఉన్నాయి. సరుకు అమ్ముకుని డబ్బు తర్వాత ఇవ్వమన్నాడు సత్యనారాయణ. చర్ల కంట్రిబ్యూటర్ ఉత్సాహంగా ఫోన్ చేసి, వార్త రాద్దామా అన్నాడు. ఏమని రాస్తాం? రికార్డుల ప్రకారం ఏమీ మారలేదు.

ఆ వానాకాలం నేను అటు వెళ్లినప్పుడు కొట్టు ముందు కోయ భాష వినిపించింది. అంతకుముందు అక్కడ ఎవరూ కూర్చునేవారు కాదు. నిలబడి కొనుక్కుని పోయేవారు. ఇప్పుడు బస్తాల మీద కూర్చుని చుట్టలు కాలుస్తున్నారు. సమ్మక్క గల్లా దగ్గర కూర్చుని పరాచికాలాడుతోంది. అదివరకు చర్ల పోయి కొనేవాళ్లు కూడా మనోడి కొట్టని ఇక్కడికే వచ్చారు. చుట్టుపక్కల గూడేల్లో ఆ ఏడు దాదాపు అందరూ కన్నయ్య ఇచ్చిన మిరప విత్తనమే పోశారు. కన్నయ్య కూడా తన చేనికి అదే పోశాడు.

దీపావళి దాటేసరికి చెట్లు ఏపుగా, నల్లటి ఆకుపచ్చగా ఎదిగాయి. పూత వచ్చింది, రాలింది. కాయ పడలేదు. ముందు మందులు కొట్టారు, మళ్లీ కొట్టారు. తర్వాత వ్యవసాయాధికారి వచ్చి పంచనామా రాశాడు. శాస్త్రవేత్తల బృందం వచ్చి చేలన్నీ తిరిగి, విత్తనం కల్తీదని తేల్చింది. ప్యాకెట్ మీద ఉన్న చిరునామాలో అలాంటి కంపెనీయే లేదు. అదే రోడ్డు పక్కన సత్యనారాయణ కౌలు తోట ఉంది. ఆ తోటలో కాయ విరగ్గాసింది. నేను వెళ్లి అడిగితే, “నేను ప్రతేడూ పాత రకమేనండీ పోసేది. అలవాటు,” అన్నాడు. ఆయనకు ముందే తెలుసని రాయడానికి అది ఆధారం కాదు. తెలియదని నమ్మడానికీ నా మనసు ఒప్పుకోలేదు.

రైతులు చెట్లు పీకి తెచ్చి కొట్టు ముందు కుప్ప పోశారు. వాళ్లందరూ కన్నయ్య చుట్టాలే.

“ఓడ షావుకారీ, బయటికి రా!” అని ఎవరో అరిచారు.

కన్నయ్య బయటికి వచ్చాడు. అతని మేనమామ ముందు నిలబడి ఉన్నాడు. “నా చేన్ల గూడ గదే యిత్తనం మామా. పోయి సూడు,” అన్నాడు కన్నయ్య.

“నీకేందిరా,” అన్నాడు ముసలాయన. “మా తోటలు ముంచి మల్ల ఓడెక్కుతవ్.”

వాళ్ల లెక్క సూటిగా ఉంది. ఎక్కువ అమ్మినవాడికి ఓడ ప్రయాణం అన్న సంగతి ఆ పోస్టరు చూసి అందరికీ తెలుసు. కన్నయ్య శాలువాతో దిగిన ఫొటో అప్పటికీ కొట్టులో వేలాడుతోంది. అతను తల తిప్పి దాన్ని ఒకసారి చూశాడు. తీసేయలేదు. మామ కాళ్ల దగ్గరున్న ఒక చెట్టు తీసి, కాయ కోసం వెతుకుతున్నట్టు కొమ్మలు విడదీస్తూ నిలబడ్డాడు. పోలీసులు వచ్చేదాకా అలాగే ఉన్నాడు.

మోసం, విత్తన చట్టం కింద కేసు పెట్టి కన్నయ్యను సబ్‌జైలుకు పంపారు. వార్త నేనే రాశాను. కేసు వార్తల్లో నిందితుడి పేరు ఎఫ్ఐఆర్‌లో ఉన్నట్టే రాయాలి. అందులో లేని పేరు రాస్తే పరువు నష్టం దావా వస్తుంది. జూన్ దాకా ఆ కొట్టు నడిపింది, ఆ సరుకు తెప్పించింది వేరొకరని ఒక వాక్యం చేర్చాను. రాత పరిశీలించి పేజీలో పెట్టే విభాగాన్ని డెస్క్ అంటారు. డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది: ఆధారం ఉందా? ఊరందరికీ తెలుసన్నాను. ఊరు సంతకం పెడుతుందా అని అడిగారు. ఆ వాక్యం తీసేశారు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి.

ఏజెన్సీలో బినామీ వ్యాపారాల మీద తర్వాత విడిగా ఒక కథనం ఇచ్చాను. పేర్లు లేకుండా వేశారు. అధికారులు స్పందించారు, తనిఖీలు చేశారు, కొన్ని లైసెన్సులు రద్దు చేశారు. రద్దయినవన్నీ గిరిజనుల పేర్ల మీద ఉన్నవే. రికార్డుల్లో వేరే పేర్లు లేవు మరి.

బెయిలు రావడానికి చాలా రోజులు పట్టింది. గూడెంలో ఎవరూ జామీను నిలబడలేదు. భద్రాచలం కోర్టు వరండాలో సమ్మక్క కనిపించి, “మా అన్న గూడ రాలె సారు. కాళ్లు మొక్కిన, రాలె,” అంది. కన్నయ్యను ఆ రోజే చివరిసారి దగ్గరగా చూశాను. బాగా చిక్కిపోయాడు. పేపర్లో తన పేరు తీసేయవచ్చా అని అడిగాడు. అచ్చయినదాన్ని తీయలేమని, కేసు కొట్టేస్తే ఆ సంగతి కూడా వేస్తామని చెప్పాను.

“అప్పుడు గూడ నా పేరే ఏస్తరు గద,” అన్నాడు. “అద్దు సారు.”

ఆ మరుసటి వానాకాలానికి కొట్టు మళ్లీ తెరిచారు. రంగులు వేశారు, కొత్త బోర్డు పెట్టారు. ప్రొప్రయిటర్‌గా సమ్మక్క సొంత అన్నయ్య పేరు ఉంది. గల్లా దగ్గర సత్యనారాయణ కూర్చున్నాడు. కన్నయ్య మీద కేసు కొన్నేళ్లు నడిచి, సాక్షులు నిలవక కొట్టేశారు. అప్పటికి నేను ఖమ్మం తిరిగి వచ్చాను. భార్యాభర్తలిద్దరూ గూడెం వదిలి ఖమ్మం మిర్చి యార్డులో హమాలీ పనికి వచ్చారని విన్నాను. రెండుసార్లు యార్డుకు వెళ్లి అడిగాను. ఆ పేరు గలవాళ్లు ఎవరూ లేరన్నారు. వేరే పేరు చెప్పుకుంటున్నారేమో తెలియదు.

తర్వాత కొత్త విలేకరులకు పాఠాలు చెప్పవలసి వచ్చినప్పుడు ఈ ఉదంతమే చెప్పేవాణ్ణి. ఏజెన్సీలో ఒక వ్యాపారం ఎవరిదో తెలుసుకోవాలంటే బోర్డు చూస్తే చాలదు, తాళం ఎవరి దగ్గరుందో చూసినా చాలదు. సరుకు ఎవరు తెప్పించారో అడగాలి. అడిగితే అందరూ చెబుతారు. అచ్చు వేయడానికి పనికొచ్చేలా చెప్పినవాడు మాత్రం నా ఉద్యోగకాలం మొత్తంలో ఒక్కడూ దొరకలేదు.