నీడలో పెట్టి చూసిన ఒరుగులు

ఒరుగుల సంగతి వస్తే నాకు గర్వం కొంచెం ఎక్కువే. ఉంటే తప్పేమిటి? ఎవరూ ఊరికే ఇచ్చింది కాదు.

నేను చంద్లాపూర్‌లో మగ్గం ఇంట్లో పుట్టాను. యుద్ధం నడుస్తున్న రోజుల్లో సిద్దిపేటకు కోడలినై వచ్చాను. వాళ్లదీ మా కులమే గానీ, మామ మగ్గం వదిలేసి బావి కింద కూరగాయలు పండించేవాడు. ఎండలు ముదిరి బావి అడుగంటేలోపు తోటలో ఉన్న వంకాయ, కాకరకాయ, గోరుచిక్కుడు (మేము గోకరకాయ అంటాం) అంతా కోసి, తరిగి, ఉప్పూ పసుపూ పట్టించి ఎండబెట్టేవాళ్లం. అవే ఒరుగులు. వానాకాలమంతా ఇంటిల్లిపాదికీ అవే కూర. చెడిపోయాయంటే జొన్న గట్కలోకి ఉత్త కారమే గతి.

అత్తకు నా పనితనం మీద బొత్తిగా నమ్మకం లేదు. "నూలు సుట్టే పిల్లకు వంకాయ సంగతి ఏం ఎరుక?" అని నా ముందరే అనేది. నేను పళ్లు బిగబట్టి కాయలు తరిగేదాన్ని.

ఒకరోజు మధ్యాహ్నం పడమట మబ్బు కమ్మింది. అత్త వాకిట్లోకి ఉరికొచ్చింది.

"ఓ పిల్లా, జల్ది ఎత్తు! కుండలల్ల పోసి మూతులకు బట్టతోని వాసెన కడుదాం."

నేను ఒక వంకాయ ముక్క తీసుకుని ఇంట్లోకి పోయి, అది చల్లారేదాకా ఆగి, వేళ్ల మధ్య నొక్కి చూశాను. పుట్టింట్లో గంజి పెట్టిన నూలును మా బాపు ఎండలో ముట్టుకుని ఏనాడూ నమ్మలేదు. నీడకు తెచ్చి, వేడి పోయాకే చూసేవాడు. ఎండలో ఉన్నంతసేపు అన్నీ ఎండినట్టే ఉంటాయి. ఆ ముక్క అంచులు పెళుసుగానే ఉన్నాయి, నడుమ మాత్రం మెత్తగా వంగింది.

"ఇంక ఎండలే అత్తమ్మా. గిప్పుడే మూత కడితే బూజు పడతది."

"గలగల మోగుతున్నయి, చెవులు లేవా నీకు?"

"మోగినా లోపట తడి ఉన్నది."

అత్త ముఖం ఎర్రబడింది. "సరే. కాకరకాయ నేను కట్టుకుంట. వంకాయ, గోకరకాయ నీయి. అవి పాడైనయో, బట్టలు మూట కట్టుకొని మీ అవ్వగారింటికి పో."

అన్నంత పనీ చేసే మనిషి. అయినా నేను వెనక్కి తగ్గలేదు. ఉన్న మంచాలన్నీ ఇంట్లోకి లాగి ముక్కలు పలుచగా పరిచాను. వాన తెరిపిచ్చేదాకా మామా, నా పెనిమిటీ నేల మీదే పడుకున్నారు. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు. తర్వాత మూడు రోజులు మళ్లీ ఎండబెట్టి, చల్లార్చి, అప్పుడు కట్టాను.

ముసురు పట్టి తోటలో ఆకు కూడా దొరకని రోజుల్లో అత్త తన కుండ విప్పింది. గుప్పున ముక్కిన వాసన కొట్టింది. ముక్కల నిండా తెల్లటి బూజు. తీసుకుపోయి పెంటకుప్ప మీద పారబోసింది.

"నీది విప్పు," అంది.

నేను ముడి విప్పాను. అత్తే చెయ్యి పెట్టి పిడికెడు తీసింది. ఒక ముక్క విరిచింది. పుటుక్కున విరిగింది. ఆమెను చూసి జాలిపడ్డానని చెబితే అబద్ధం. లోపల ఎగిరి గంతేశాను. అత్త మాత్రం మెచ్చుకోలేదు. వంకాయ ఒరుగులు నానబెట్టి కూర వండింది, రెండుసార్లు వేసుకుని తిన్నది.

మరుసటి ఎండాకాలం పక్కింటావిడ అత్త కోసం వచ్చింది. గోకరకాయ ముక్కలు ఎండాయో లేదో వచ్చి చూడమంది. ఏటా అత్తే చూసి చెప్పేది.

"నన్నెందుకు అడుగుతవు? మా కోడలు సూస్తది," అంది అత్త.

నేను కొంగు సర్దుకుని, అలవాటు కొద్దీ ఆమె వెనక నిలబడ్డాను. అత్త పక్కకు జరిగి నాకు తోవ ఇచ్చింది. ఆ రోజు పక్కింటిదాకా నేను ముందు నడిచాను, మా అత్త నా వెనక వచ్చింది.