గోనెసంచిలో ఇరుసు

మా దొర ట్రాక్టర్‌కు వెనక నీళ్ల పంపును తిప్పే ఇరుసు పళ్లు అరిగిపోయాయి. కొత్తది చేయించాలని, పాతదాన్ని గోనెసంచిలో చుట్టుకొని సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాను. తుపాకుల కోసం పోలీసులు బస్సులు వెతికే రోజులవి. పక్కనున్న పెద్దాయన సంచినే చూస్తుంటే, పోలీసుల మనిషేమోనని దాన్ని కాళ్ల మధ్యకు లాక్కున్నాను.

"ఏందిరా గది?"

"ట్రాక్టర్ నడుమిరిగింది పెద్దయ్యా, దవాఖానకు తీస్కపోతున్న."

ఆయన నవ్వలేదు. "విప్పి ఒళ్లె పెట్టుకో. దాస్తే తుపాకి అనుకుంటరు."

విప్పాను. మునగాల దగ్గర ఎక్కిన పోలీసు నా ఇరుసును తిప్పి తిప్పి చూసి, చేతికంటిన గ్రీజుకు నన్ను తిట్టి దిగిపోయాడు. పెద్దాయన కాళ్లకింద ఉన్న మూటను మాత్రం అతను చూడనేలేదు.

తర్వాతి ఊళ్లో ఆయన ఆ మూట ఎత్తుకుంటే లోపల ఇనుము చప్పుడైంది.

"అదేంది పెద్దయ్యా?"

"నీ ఇనుముకు సుట్టమే," అంటూ దిగిపోయాడు.

అప్పటినుంచి ఎవరైనా అడగకుండా సలహా చెబితే, ముందు వాళ్ల కాళ్లకింద చూస్తాను.