కాంతమ్మగారి గులాబీలు

ఇరవై రోజుల తర్వాత ఈ ఉదయం కొండపల్లి తిరిగొచ్చేసరికి, ఆరేళ్ళుగా పెంచిన నా బ్రహ్మజెముడు మొక్కలు మూడూ కుళ్ళిపోయి ఉన్నాయి. ముట్టుకోగానే మగ్గిన అరటిపండులా చితికి చేతికంటుకున్నాయి. నీళ్ళు పోయొద్దని పక్కింటి కాంతమ్మగారికి మరీ మరీ చెప్పి వెళ్ళాను. కానీ ఆవిడది కంకిపాడు, కాలవగట్టున పుట్టి పెరిగిన మనిషి.

"ఎండకి మాడిపోతున్నాయని జాలేసిందండీ. బియ్యం కడిగిన నీళ్ళు రెండు పూటలా పోశాను" అన్నారు.

సాయంత్రం ఆవిడే తన గులాబీ కుండీలు తెచ్చి మా వరండాలో పెట్టారు. పది రోజులు పుట్టింటికి వెళ్తున్నారట. కొమ్మల నిండా మొగ్గలే.

"జాగ్రత్తగా చూసుకోండేం!"

"నా జెముళ్ళని చూసుకున్నట్టే చూసుకుంటానండీ" అన్నాను.

ఆవిడ రిక్షా కదలగానే నీళ్ళ చెంబు తీసి అటక మీద పెట్టేశాను. మీరే చెప్పండి, ఇచ్చిన మాట తప్పొచ్చా?