ఆరున్నొకటో తూము

మా కోటయ్య బాబాయ్ ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. నరసరావుపేట బజారులో ధాన్యం కొట్టు నడిపిన వర్తకుడిగా కొందరు ఆయన్ని ఎరుగుదురు. అరవయ్యో ఏట లావు టైర్ల గ్రావెల్ సైకిలు కొనుక్కుని, కొండల చుట్టూ, కాలవ కట్టల వెంట కంకరబాటలు వెతికిన సంచారిగా ఇంకా చాలామంది ఎరుగుదురు. వారందరికీ దుర్వార్త ఫోన్లో చేరింది. నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆయన ఆగిపోయిన వేళ ఆయనకు ముందు తొక్కుతున్నది నేనే. వెనక్కి తిరిగి చూడనివాణ్ణీ నేనే.

ఆయన బాటలకు పెట్టిన పేర్లు వింటే కొత్తవాళ్లు నవ్వేవారు. ఊరు దాటి కాలవ దాకా వెళ్లి వచ్చేది సోల. కోటప్పకొండను చుట్టి కాలవ కట్ట మీదుగా తిరిగొచ్చేది మానిక. కొండవీడు ఎక్కి దిగేది కుంచం. కొట్టు కట్టేసినా కొలపాత్రలు మాత్రం ఆయన్ని వదల్లేదు. ఎండిన వాగుల్లో, పలుగురాళ్ల దారుల్లో, మిరపచేల గట్ల మీద తిరిగి తిరిగి, ఎక్కడ ముళ్లున్నాయో, ఎక్కడ కుక్కలున్నాయో, ఏ ఇంట్లో అడిగితే మంచినీళ్లిస్తారో అన్నీ కంఠస్థం చేశారు. "టైర్లో గాలి కాస్త తగ్గించవయ్యా. రాయి టైర్ని కరవాల గానీ నీ నడుముని కాదు" అని నాకు తొలిపాఠం చెప్పింది ఆయనే. నేను కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పేవాణ్ణి. ఆయన దగ్గర మాత్రం ఒకటో తరగతే.

లెక్కపెట్టడంలో ఆయనదొక సంప్రదాయం. ధాన్యం కొలిచే కొలగాళ్లు ఒకటి అనరు, లాభం అంటారు. ఏడు అనరు, అందులో ఏడుపు వినిపిస్తుంది కనుక ఆరున్నొకటి అంటారు. ఆయన మనుషుల్నీ అలాగే లెక్కించేవారు. ఆగిన ప్రతిచోటా ముందున్నవాడి నుంచి వెనకవాడి దాకా ఎవరి అంకె వాళ్లు గట్టిగా చెప్పాలి. సైకిళ్లు బాగుచేసే మస్తాన్ అందరికంటే ముందుండి "లాభం" అనేవాడు. నాది ఆరు. అందరికీ వెనక బాబాయ్, "ఆరున్నొకటి!" అని గొంతెత్తేవారు. అది వినపడ్డాకే పెడలు మీద కాలు. చిన్నతనంలో కొట్టులో ఒకసారి నోరుజారి ఏడు అన్నందుకు వాళ్ల నాన్న నెత్తిన ఒక్కటిచ్చారట. "ఆ దెబ్బ ఇంకా చురుక్కుమంటానే ఉందయ్యా" అని తల తడుముకునేవారు.

నా మొదటి ఆదివారం ప్రహసనం చెప్పకపోతే ఆయనకే కోపమొస్తుంది. కాలవ తూములకు ఆయన తన లెక్కన వరసగా అంకెలు పెట్టుకున్నారు. "ఆరున్నొకటో తూము కాడ కట్ట దిగు, ఆడుంటాం" అని ఫోన్లో మాట పంపారు. నా చెవికది ఆరున్నర అని తగిలింది. ఆరో తూముకీ తర్వాతిదానికీ నడుమ అరతూము ఎక్కడుందా అని వెతికి వెతికి, మిరపచేలో దిగబడి, గంట తర్వాత చేరాను. "తూముల్లో అరలూ పావులూ ఉంటాయంటయ్యా? ఏం చదువయ్యా నీది!" అని ఆయన పొట్టపట్టుకుని నవ్వారు. తరువాత గొంతు తగ్గించి, "చెవిని నమ్మబాక. కళ్లతో చూసుకో. నీ వెనకున్నోడి పూచీ నీదే" అన్నారు. ఆ మాట ఆనాడు నాకు సైకిలు గురించే అనిపించింది.

ఎనిమిదో తూము దగ్గర కాలవ ఒక బోడికొండ పక్కగా వంపు తిరుగుతుంది. అక్కడ పిలిస్తే కొండ పలుకుతుంది. బాబాయ్‌కి అక్కడ మాట్లాడటం ఇష్టముండేది కాదు. పక్షులు కూడా అక్కడ అరవగా నేను వినలేదు. "ఈ కొండ మాట పుచ్చుకుని ఎంటనే ఇయ్యదు. కాసేపు దాచుకుంటది" అనేవారు. నేను శబ్దవేగం సూత్రం చెప్పి, దూరాన్ని భాగించి, ప్రతిధ్వని ఎన్ని క్షణాల్లో రావాలో తేల్చాను. ఓపిగ్గా విన్నారు. "అది ఇచ్చే మాటకి సరిపోయింది. ఇయ్యకుండా ఉంచుకున్న మాటకి నీ కాడ లెక్కుందా?" అని అడిగారు. నేను నవ్వేశాను.

ఆ చివరి ఆదివారం మానిక బాట. తెల్లారింది కానీ మంచు విడలేదు. కట్టకు ఒకపక్క నీళ్లున్నాయని చప్పుడును బట్టి తెలియాలి, అంత దట్టం. నాలుగో తూము దగ్గర లెక్క సరిపోయింది. ఎనిమిదో తూము దగ్గర మళ్లీ ఆగాం. లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు. నేను ఆరు అన్నాను. ఒక్క క్షణం నిశ్శబ్దం. వెనక నుంచి మంచులో "ఆరున్నొకటి" వినిపించింది. మస్తాన్ విన్నాడు, మిగతావాళ్లూ విన్నారు. కదిలాం. ఆదివారమైనా తొమ్మిదింటికి నాకు స్పెషల్ క్లాసుంది. చేతులు కొంకర్లు పోతున్నాయి. తిరిగి చూడలేదు.

ఊరి మొగదలకు వచ్చాక మేం ఆరుగురమే. వెనక్కి వెళ్లి చూస్తే, ఆరున్నొకటో తూము దగ్గర ఆయన సైకిలు స్టాండు వేసినట్టు తూము గోడకు ఆనించి ఉంది. పక్కన ఆయన కూర్చుని ఉన్నారు, ఒడిలో నీళ్ల సీసా, తల కాస్త వాలి. గుండె ఒక్కసారిగా ఆగిందనీ, మేం ఎనిమిదో తూము చేరక ముందే పోయారనీ, అప్పుడే వెనక్కి వచ్చినా దక్కేవారు కాదనీ డాక్టరు చెప్పారు. ఆ మాట వల్ల నాకు కలగాల్సిన ఊరట కలగలేదు. మరి ఎనిమిదో తూము దగ్గర పలికింది ఎవరు? ఆ రోజు ఆ కొండ దగ్గర మాలో ఎవరూ ఆ మాట అనలేదు. ప్రతిధ్వనికైనా మొదట ఒక ధ్వని కావాలి కదా. త్వరగా ఇల్లు చేరాలన్న తొందరలో నేనే అన్నానేమో అని కూడా అనుకున్నాను. ఏ సూత్రమూ నాకు తీర్పు ఇవ్వలేదు. ఆయన్ని ఆ చలిలో ఒంటరిగా వదిలి వచ్చానన్నది మాత్రం తేలింది.

పెద్దకర్మ రోజున ఆయన సహధర్మచారిణి సరస్వతమ్మ పిన్నికి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననీ అనుకున్నాను. ఆవిడ నా మొహంలోకి చూసింది.

"గొంతు ఆయనదేనా?"

"ఆయనదే పిన్నీ."

"అయితే మిమ్మల్ని పొమ్మన్నాడు. ఒలక్కుండా ఇంటికి చేరితేనే కొలత అనేవాడుగా." కొంగుతో కళ్లొత్తుకుంది. "నలభయ్యేళ్లు ఆ ఏడు అనే మాట ఈ ఇంట్లో అననియ్యలేదు నాయనా. పాలవాడితో కూడా ఆరున్నొకటి అనిపించాడు. ఇంక ఆ ఆరున్నొకటి ఆయన్తోనే పోనీ. నువ్వొచ్చిన కాణ్నించి చూస్తన్నా, కంట తడి లేదు. రాయిలా ఉన్నావు. వచ్చే వారం ఆడికి పోయి ఏడు అను."

పోయాం, ఆరుగురం. మంచు లేదు, ఎండ శుభ్రంగా ఉంది. ఎనిమిదో తూము దగ్గర ఆగాం. మస్తాన్ గొంతు సవరించుకుని "లాభం" అన్నాడు. వరస నా దాకా వచ్చింది. ఆరు అన్నాను. ఎవరూ కదల్లేదు. ఆ ఖాళీలో కాలవ నీళ్లు తప్ప ఏ శబ్దమూ లేదు.

ఈసారి తిరిగి చూశాను. ఖాళీ కట్ట, మా టైర్ల జాడలు, అంతే. ఇలాంటి కొలగాడు, ఇలాంటి దారి చూపేవాడు మాకు మళ్లీ దొరకడు. చేతులు జోడించి, ఆయన జీవితమంతా వినడానికి ఇష్టపడని ఆ అంకెను గట్టిగా అరిచాను.

"ఏడు!"

నా సూత్రం ప్రకారం రావాల్సిన క్షణం దాటిపోయింది. కొండ దాన్ని కాసేపు దాచుకుంది. తరువాత, దెబ్బ తగిలిన పిల్లవాడికి పెద్దవాళ్లు చెప్పినట్టు, మెల్లగా తిరిగి ఇచ్చింది.

"ఏడు."

కట్ట మీద కూలబడి ఏడ్చాను.