రత్నం అత్త పోగొట్టుకున్న కప్పు

నిన్న నరసరావుపేటలో షీల్డులు, కప్పులు అమ్మే కొట్టు ముందు నా కాళ్ళు ఆగిపోయాయి. మా పక్కింటి రత్నం అత్త గుర్తొచ్చింది. పద్యనాటకాల్లో ఆమె నటిస్తూ పాడుతుంటే జనం కదిలేవాళ్ళు కాదు. సన్మానాల శాలువాలు పెట్టె నిండా, ఉత్తమ నటి కప్పులు గోడ అలమర నిండా ఉండేవి. చింతపండేసి ఆ కప్పులు తోమింది మా పిల్లమూకే. చేతులకంటిన ఇత్తడి వాసన ఓ పట్టాన పోయేది కాదు. మన వీధోళ్ళూ, మీకు గుర్తుందా?

ఒకసారి రొంపిచెర్ల నాటక పోటీలకు నన్నూ తీసుకెళ్ళింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి వేషంలో అత్త పద్యం ఎత్తుకుంటే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. అయిపోగానే "వన్స్ మోర్!" అని ఒకటే కేకలు. టైం దాటితే బహుమతి ఉండదు. నాటకం నడిపించే మామయ్య తెర పక్కన హార్మోనియం ముందు నుంచి వద్దు వద్దని చెయ్యి ఊపుతున్నాడు. అత్త ఆయన్ని చూసింది, జనాన్ని చూసింది, మళ్ళీ పాడింది. కప్పు వేరేవాళ్ళకి పోయింది.

పొద్దున తిరుగు బస్సులో మామయ్య అందుకున్నాడు. "చేతికొచ్చిన కప్పు గదే! చానా బాగుంది నీ వరస."

"అంతమంది ఏడుస్తా అడిగితే, టైమైందని చెప్పమంటావా ఏంది?" అంది అత్త.

ముందు సీట్లో ముసలమ్మ వెనక్కి తిరిగింది. "నిన్న పాడింది నువ్వేనా తల్లీ? నేనొచ్చేసరికే అయిపోయింది. ఒక్కసారి పాడవా?"

అత్త మామయ్య వైపు చూసింది. ఆయన మూతి ముడుచుకునే ఉన్నాడు. అలాగే వంగి, సీటు కిందున్న హార్మోనియం పెట్టె లాగి, ఒళ్ళో పెట్టుకుని శ్రుతి పట్టాడు.