మబ్బులో వెండి రేకు

కొర్రమీనుకు ముళ్లు తక్కువంటారు. నా గొంతులో మాత్రం దాని ముల్లు పదకొండేళ్లు ఉండిపోయింది. నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడక్కూడా. మీకు చెబుతున్నాను.

మాది పెదబయలు దగ్గర కొండ ఊరు. ఊరి కింద పారే గెడ్డకు కట్టిన చెక్‌డ్యామ్‌లో గాలం వేయడం నాకు నేర్పింది మా అక్క మొగుడు. బావ ఆకాశం చూసి ఎర చెప్పేవాడు. ఎండ కాస్తే మెరిసే రేకు. మబ్బేసి నీళ్లు మసకబారితే నల్ల రబ్బరు కప్ప, అదీ గడ్డి అంచున నెమ్మదిగా లాగాలి. గాలం పట్టే ప్రతివాడూ ముందు ఆయన్ని అడిగే గెడ్డకు దిగేవాడు. ఆ పెద్దరికం చూసి నాకు కుళ్లు. ఈ ఒక్క మాట రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

మా ఊళ్లో ఒక కట్టుబాటుంది. పిల్లల్ని వెంటేసుకు తిరిగే కొర్రమీను మీద గాలం వేయకూడదు. అప్పుడది ఆకలితో కాదు, కోపంతో కరుస్తుంది. ఎండైనా వానైనా, ఏ ఎరైనా ఒకటే. ఒక మబ్బు పొద్దున ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కదులుతుంటే, చేతికందిన రేకు దాని మధ్యలో వేశాను. తెలియక వేశానా? తెలిసే వేశాను.

చిక్కిన తల్లి చేపను చూడ్డానికి ఊరంతా మూగింది.

"ఇంత మబ్బులో ఏటేసినావురా?" అన్నాడు బావ.

"వెండి రేకు. మబ్బులోనే మెరవాలి బావా."

ఆయన కాసేపు ఆకాశం వైపు చూశాడు. "అయితే ఇన్నాళ్లూ నేను తప్పు సెప్పినానన్నమాట."

తర్వాత జనం నన్ను అడగడం మొదలుపెట్టారు. బావ మబ్బు రోజుల్లో రేకు వేసి, ఉత్త చేతులతో తిరిగొచ్చి, తిరిగొచ్చి, చివరికి తన ఎరల డబ్బా నాకిచ్చేశాడు. తీసుకున్నాను. అందులోని నల్ల కప్పతో పట్టిన చేపల్ని కూడా రేకుతో పట్టానని చెప్పుకున్నాను. ఇంతకన్నా నీచం ఉంటుందా?

నిన్న బావకు చెప్పేశాను. మబ్బేస్తోందని ఆయన వాకిట్లో కాఫీ గింజల మీద టార్పాలిన్ కప్పుతున్నాడు. అంతా విని ఒక్కటే అడిగాడు.

"ఆ పిల్లలేటైపోనాయి?"

చెదిరిపోయాయన్నాను. చిన్న చేపలు వచ్చి వాటిని తినేస్తుంటే ఒడ్డున నిలబడి చూశానన్నాను. ఇది ఇందాక మీక్కూడా చెప్పలేదు.

క్షమించానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. టార్పాలిన్ రెండో కొస పట్టుకుని కప్పించి, వెంట తెచ్చిన ఎరల డబ్బా అరుగు మీద పెట్టి వచ్చేశాను. ఇంటికొచ్చి గిన్నెడు చోడంబలి తాగాను. హాయిగా దిగింది.